పన్నెండో జానమాజు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. అక్షరాలు మరిచిపోలేదు గానీ, కథ ఎలా రాయాలో తెలియదు. అయినా ఈ కథ కడుపులో దాచుకుందామంటే ఆగడం లేదు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. పక్కన పిల్లలుంటే వాళ్ళకీ చదివి వినిపించండి.

ఏలూరులో తివాచీలు నేసే వీధిలో జైతూన్ అని ఒకావిడ ఉండేది, ఆవిడకు ఎవరినైనా ఏదైనా అడగాలంటే చచ్చేంత మొహమాటం. కూరల కొట్టువాడు పుచ్చు వంకాయలు వేసినా మార్చమని అడిగేది కాదు. ఆటో ఇల్లు దాటి పోతున్నా ఆపమనేది కాదు. అది ఎక్కడ ఆగితే అక్కడ దిగి, సంచి మోసుకుంటూ వెనక్కి నడిచి వచ్చేది.

అంత మొహమాటస్తురాలికి ఒక్క పిచ్చి ఉండేది. పాత జానమాజుల పిచ్చి. జానమాజు అంటే నమాజు చేసేటప్పుడు కింద పరుచుకునే చిన్న తివాచీ. దాని మీద మసీదు గుమ్మం లాంటి ఒక కమాను నేసి ఉంటుంది. ఆ కమాను మొన పడమటి వైపు ఉండేలా పరుచుకుని, అటు తిరిగి నమాజు చేస్తారు. జైతూన్ తండ్రి అలాంటివి ఎన్నో నేశాడు. చిన్నప్పుడు జైతూన్ కూడా ఆయన పక్కన మగ్గం బల్ల మీద కూర్చుని ముడులు వేసేది. తరవాత మిషను మీద చేసినవి వచ్చాయి. మగ్గం అటకెక్కింది. తండ్రి పోయాడు. అప్పటినుంచి చేత్తో నేసిన పాత జానమాజు ఎక్కడ కనబడినా ఆవిడకు ప్రాణం లేచొచ్చేది.

ఆవిడ వాటిని కొనేది కాదు. మెత్తటి కొత్త జానమాజు ఇచ్చి పాతది తెచ్చుకునేది. వీధిలో స్టీలు గిన్నె ఇచ్చి పాత చీరలు పట్టుకుపోతారు చూడండి, అలాగన్నమాట. ఇచ్చినవాళ్ళూ మురిసిపోయేవారు, ఆవిడా మురిసిపోయేది. అలా పదకొండు పోగుచేసింది. వాటిలో వేపాకు, లవంగాలు పెట్టి ఎన్నాళ్ళో పెట్టెలో దాచింది. చివరికి ముందు గది గోడలకు పన్నెండు మేకులు కొట్టించి, పదకొండింటికి పదకొండూ తగిలించింది. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద మేకు మాత్రం ఖాళీగా ఉండేది. వాటిని ఎవరినీ తాకనిచ్చేది కాదు.

ఆవిడ భర్త ఖాజా స్కూటర్ సీట్లకు కవర్లు కుట్టేవాడు. నవ్వించే మనిషి.

"మన ఇంట్లో గోడలకు జానమాజులు, నాకు ప్లాస్టిక్ చాప. చూస్తూ ఉండు, స్వర్గానికి నాకంటే ముందు ఈ గోడలే వెళ్తాయి," అనేవాడు.

"పాతవి కదండీ, తొక్కితే నలిగిపోతాయి," అనేది జైతూన్.

"నేనూ పాతవాణ్ణే. ఆ ఖాళీ మేకుకు నన్ను తగిలించు."

ఒకరోజు పొద్దున జైతూన్ బజారు నుంచి షేర్ ఆటోలో వస్తోంది. కాలువ పక్క సందులో ఒక పిట్టగోడ మీద ఎర్రగా ఏదో ఆరేసి ఉంది. ఆటో దాన్ని దాటిపోయింది. జైతూన్ మెడ తిప్పి వెనక్కి చూసింది.

"ఆపు నాయనా," అని అరిచింది.

ఆటోలో వాళ్ళందరూ ఉలిక్కిపడి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. దిగి, కూరల సంచి చంకలో పెట్టుకుని, పరుగులాంటి నడకతో ఆ పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది.

జానమాజే. దానిమ్మ గింజల ఎరుపు. ముదురాకుపచ్చ అంచు. కమాను కింద గొలుసుకు వేలాడే దీపం, దీపానికి అటొకటి ఇటొకటి సన్నటి చెట్లు. తివాచీల సంగతి తెలిసినవాళ్ళు ముందు వైపు చూసి ఊరుకోరు, తిరగేసి చూస్తారు. జైతూన్ ఒక మూల తిరగేసింది. గోరంత జాగాలో ముడులు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టింది. దీపం జానమాజు అని తండ్రి చెబుతూ ఉండేవాడు. 'మా నాన్న కాలంలో నేసేవాళ్ళమ్మా, ఇప్పుడా ఓపిక ఎవరికుంది' అనేవాడు. ఆవిడ అలాంటిది కంటితో చూడడం అదే మొదలు. ఎదురుగుమ్మం మేకు కళ్ళ ముందు కదిలింది.

ఇంట్లోంచి చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ ఒక పడుచు బయటికి వచ్చింది. పేరు షకీలా.

"ఏం కావాలి ఆపా?" అంది. ఆపా అంటే అక్క.

జైతూన్ గొంతు మళ్ళీ మామూలుగా సన్నబడిపోయింది. "ఇది... ఎవరిదమ్మా?"

"మా అత్తమ్మది. గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది, నెలాఖరుకు వస్తుంది. ఆవిడ ఉంటే ముట్టుకోనివ్వదు, అందుకే ఇప్పుడు ఉతికాను. చూడండి, అయిదు చోట్ల బట్టతల వచ్చేసింది."

నిజమే. నుదురు ఆనే చోట ఒకటి, అరచేతులు ఆనే చోట రెండు, మోకాళ్ళు ఆనే చోట రెండు. అయిదు చోట్లా ఉన్ని అరిగి, కింద దారాలు కనిపిస్తున్నాయి. జైతూన్ వేళ్ళు అప్పుడే జిలపెట్టాయి. ఈ అయిదూ నింపితే మళ్ళీ ఎలా ఉంటుందో ఆవిడకు కళ్ళకు కట్టింది.

"మా ఇంట్లో కొత్తది ఉంది. దూదిలా ఉంటుంది. అది మీకిస్తాను. ఇది నాకు..." అని ఆగిపోయింది.

మిగతా మాట షకీలాయే అందుకుంది. "తీసుకుపోండి ఆపా. అత్తమ్మ రోజూ మోకాళ్ళ నొప్పులంటుంది. మెత్తటిదైతే హాయిగా ఉంటుంది పాపం."

'ఆవిడను ఒక్కమాట అడుగుదామా?' అన్న ప్రశ్న జైతూన్ నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఈ పిల్ల ఏమనుకుంటుందో అనిపించింది. అడిగితే ఆ పెద్దావిడ కాదంటుందేమో అని కూడా అనిపించింది. ఈ రెండో భయానికి కూడా జైతూన్ మొహమాటం అనే పేరు పెట్టుకుంది. ప్రశ్న మింగేసింది. మధ్యాహ్నంలోగా కొత్తది ఇచ్చి పాతది తెచ్చేసుకుంది.

ఇక చూడండి ఆవిడ హడావుడి. అటక మీద నుంచి తండ్రి సామాను దింపింది. మంజిష్ట వేరు నానబెట్టి, పటిక వేసి, పెరట్లో పొయ్యి మీద రంగు కాచింది. మొదటి కుండలో ఉన్ని నారింజ రంగుకు వచ్చింది. రెండో కుండలో ఇటుక రంగు. మూడో కుండలో ఒక తుప్పు మేకు వేసి చూసింది. ఉన్ని పైకి తీస్తే సరిగ్గా దానిమ్మ గింజ. ఆరేదాకా ఆగలేక ఆ తడి ఉన్ని పట్టుకునే ఖాజా కొట్టుకు పరుగెత్తింది.

కొట్లో సీటు కుట్టించుకుంటున్న ఆయన ఆవిడ చేతులు చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యో, చెయ్యి తెగిందా అమ్మా?"

"తెగలేదు. రంగు దొరికింది," అంది జైతూన్. పరాయి మగవాడికి తనంతట తాను జవాబు చెప్పానని ఇంటికి వెళ్ళాక గానీ ఆవిడకు తట్టలేదు.

ఆ రోజు అన్నం తింటూ ఖాజా అడిగాడు. "ఇంతకీ ఎవరిదే ఆ జానమాజు?"

"ఎవరో పెద్దావిడది."

"పేరేంటి?"

జైతూన్‌కు తెలియదు. చారు పోసుకోండి అని మాట మార్చింది.

పందొమ్మిది రోజులు కూర్చుంది. అరిగిన చోట మిగిలిన పాత దారాల మీదే ఒక్కొక్క ముడీ వేసింది. వరస అయ్యాక పంజాతో, అంటే ఇనుప దువ్వెన లాంటి దానితో, కొట్టి బిగించింది. కత్తెరతో పైన సమం చేసింది. ముందు నుదురు నిండింది. తరవాత చేతులు నిండాయి. చివరికి మోకాళ్ళు. ఎడమ మోకాలి గుంట మిగతా వాటికంటే లోతుగా ఉంది, దానికొక్కదానికే నాలుగు రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు ఎదురుగుమ్మం మేకుకు దాన్ని తగిలించి, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం బయట నిలబడి చూసింది. ఏ చోట పాతదో ఏ చోట కొత్తదో నేసిన చేతికే తెలియడం లేదు. వీధిలో ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. ఖాజా కూడా ఎగతాళి మానేసి, "మీ నాన్న చూసి ఉండాల్సింది," అన్నాడు. ఆ మాటకు జైతూన్ కళ్ళు చెమ్మగిల్లాయి.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం షకీలా వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"ఆపా, ఏమీ అనుకోకండి. ఆ జానమాజు తిరిగి ఇచ్చేస్తారా?"

జైతూన్ ఎందుకన్నట్టు చూసింది.

"మా అత్తమ్మకు చూపు లేదు ఆపా. పదకొండేళ్ళయింది. మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ప్రయాణంలో పాడవుతుందని దాన్ని ఇక్కడే వదిలి వెళ్ళింది, అక్కడ కూతురే తిప్పి కూర్చోబెట్టేది. మొన్న ఊరి నుంచి వచ్చింది. కొత్తది మెత్తగా ఉందని నేనే ముచ్చటపడి చేతికిచ్చాను. తడుముతుంది, తడుముతుంది. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయట. ఏది తలవైపో, ఏది కాళ్ళవైపో తెలియలేదట. వెతుక్కుంటూ గుండ్రంగా తిరిగిపోయి, వంటింటి వైపు మొహం పెట్టి నమాజు చేసేసింది. మా చిన్నది చూసి నవ్వింది. అంతే. అప్పటినుంచి మంచం దిగడం లేదు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు."

జైతూన్ ఎదురుగుమ్మం మేకు వైపు చూసింది. ప్రాణం ఉసూరుమంది. అయినా దింపింది. మడత పెడుతూ, 'ఇదివరకటి కంటే ఎంత బాగుందో, ఆవిడ చేతికి తెలుస్తుందిలే' అని సర్దిచెప్పుకుంది. తానే మోసుకుంటూ షకీలా వెంట వెళ్ళింది.

ఆ పెద్దావిడ పేరు రసూల్‌బీ. బక్కపలచటి మనిషి, తెల్లటి దుపట్టా. మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. షకీలా జానమాజు నేల మీద పరిచి, అత్తగారి చెయ్యి పట్టుకుని దింపింది. జైతూన్ గుమ్మంలో నిలబడిపోయింది. తాను వచ్చినట్టు రసూల్‌బీకి తెలియదు.

రసూల్‌బీ వంగి చేతులు పెట్టింది. వేళ్ళు నుదురు చోటికి వెళ్ళాయి, ఆగాయి. అరచేతుల చోటికి వెళ్ళాయి. మోకాళ్ళ చోటికి వెళ్ళాయి. మళ్ళీ మొదటికి వచ్చాయి.

"ఇది నాది కాదమ్మా," అంది.

"మీదే అత్తమ్మా. అదే ఎరుపు, అదే దీపం."

"ఎరుపు నీకు తెలుస్తుంది. నాకేం తెలుస్తుంది? నాదైతే నా మోకాళ్ళేవి?"

షకీలా తలెత్తి జైతూన్ వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు. జైతూన్‌కు అప్పుడు అర్థమైంది. తాను పూడ్చినవి గుంటలు కావు. చూపు లేని మనిషి దారి తెలుసుకునే గుర్తులు అవి. అయిదు గుర్తులూ తన చేత్తోనే, ఎంతో ఆనందంగా, చెరిపేసింది.

ఇప్పుడేం చెయ్యాలి? ఒప్పుకుంటే ఆవిడ ఎన్ని మాటలంటుందో. అసలు తాను ఇక్కడ ఉన్నట్టే ఆవిడకు తెలియదు కదా. జైతూన్ చప్పుడు కాకుండా వెనక్కి అడుగు వేసింది. వసారా దాటింది. చెప్పుల్లో కాలు పెట్టింది.

లోపల నుంచి రసూల్‌బీ గొంతు వినిపించింది. "నన్ను మంచం మీద కూర్చోబెట్టమ్మా. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నమాజు చేశాను. ఇక నుంచి రోజుకు అయిదుసార్లు నువ్వే తిప్పి కూర్చోబెట్టాలి. నీకు పని పెరిగింది తల్లీ."

జైతూన్ కాలు చెప్పులోంచి బయటికి వచ్చింది. తిన్నగా గదిలోకి వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఖాలా, నా పేరు జైతూన్. ఇది మీదే. మీ మోకాళ్ళు నేనే పూడ్చేశాను," అంది.

రసూల్‌బీ గొంతు వినబడిన వైపు మొహం తిప్పింది. "ఎందుకమ్మా?"

"చిరిగిందనుకున్నాను. బాగుచేశాననుకున్నాను."

"నన్నొక్క మాట అడగకపోయావా?"

"అడగడానికి మొహమాటపడ్డాను ఖాలా."

"తీసుకోవడానికి లేని మొహమాటం అడగడానికి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అంది రసూల్‌బీ.

ఆ మాట జైతూన్ చెంప మీద కొట్టినట్టు తగిలింది. తల దించుకుంది. కానీ ఈసారి లేచి పోలేదు. తన జీవితంలో మొదటిసారి ఒకరిని ఒక పని అడిగింది.

"ఖాలా, పాత దారాలు కింద అలాగే ఉన్నాయి. వేసిన ముడులు నేనే విప్పుతాను. ఎంతవరకు విప్పాలో నాకు తెలియదు. మీరు దగ్గరుండి చెబుతారా?"

రసూల్‌బీ దుపట్టా చెంగుతో మొహం తుడుచుకుని, "సూది తెచ్చావా?" అంది.

షకీలా సూది, కత్తెర తెచ్చింది. ముందు నుదురు. జైతూన్ ఒక్కో ముడీ సూది మొనతో లేపి లాగేస్తుంటే, రసూల్‌బీ వేళ్ళు ఆ వెనకే తడుముకుంటూ వచ్చేవి. "ఇంకొంచెం. ఇంకొంచెం ఇటు. నా నుదురు మరీ అంత పెద్దదేం కాదు, ఆపు," అనేది. షకీలా నవ్వింది. నుదురు అయ్యాక మోకాళ్ళ దగ్గరికి వచ్చారు.

"ఎడమది లోతుగా తియ్యి," అంది రసూల్‌బీ. "ఈ జానమాజు మా అమ్మది. ఆమెకు కుడికాలు సరిగ్గా ఉండేది కాదు, బరువంతా ఎడమ మోకాలి మీదే వేసేది. ఆ గుంట ఆమెదే. పెళ్ళయి ఇది నాతో వచ్చాక నా మోకాలు కూడా అందులోనే సర్దుకుంది. నమాజుకు కూర్చున్నప్పుడల్లా అమ్మ ఒళ్ళో కూర్చున్నట్టు ఉంటుంది నాకు."

జైతూన్ చేతిలో సూది ఆగింది. నాలుగు రోజులు పట్టిందని తాను గొప్పగా చెప్పుకున్న చోటు అది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. ఎర్రటి ఉన్ని పక్కన కుప్ప పడుతోంది. విప్పే కొద్దీ ఆవిడకు చిత్రంగా ఉత్సాహం వచ్చింది. ముడి వేసేటప్పుడు కలిగిన సంతోషం కంటే ఇదే పెద్దదిగా ఉంది.

పొద్దుగూకే వేళకు నుదురు, రెండు మోకాళ్ళు అయ్యాయి. మసీదు నుంచి అజాన్ వినిపించింది.

"చేతులు రేపు చూద్దాంలే," అంది రసూల్‌బీ. "నుదురు దొరికింది, కాళ్ళు దొరికాయి. చాలు."

ఆవిడ లేచి పడమటి గోడ తడుముకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. జానమాజు తానే దులిపి పరిచింది. వేళ్ళతో నుదురు చోటు చూసుకుంది, పడమటి వైపు సరిచేసుకుంది. ఆవిడ మోకాళ్ళు వాటి చోట్లలోకి తిన్నగా దిగాయి. గుమ్మంలో నిలబడిన చిన్నపిల్ల ఈసారి నవ్వలేదు. తల్లి కొంగు పట్టుకుని అలాగే చూసింది.

మర్నాడు పొద్దున జైతూన్ ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. తెల్లవారగానే లేచి గోడల మీది జానమాజులు పదకొండూ ఒక్కొక్కటే దింపింది. ఖాజా టీ గ్లాసు పట్టుకుని చూస్తూ, "ఏమే, గోడలకు ఇవాళ సెలవా?" అన్నాడు.

"వీటి వాళ్ళందరినీ అడగాలండీ. మీ సైకిలు ఇస్తారా?" అంది జైతూన్.

ఆవిడ తనను ఏదైనా అడగడం ఆయన ఎరగడు. టీ అక్కడే పెట్టి సైకిలు తానే బయటికి తీశాడు. జానమాజులు వెనక కట్టాడు. ఖాళీ మేకులు చూసి, పెద్ద మేకుకు తన టోపీ తగిలించి, "ఎన్నాళ్ళకు నా వంతు వచ్చింది," అన్నాడు.

ముందు రసూల్‌బీ ఇంటికి వెళ్ళి రెండు అరచేతుల చోట్లూ విప్పేసింది. తరవాత మొదటి జానమాజు ఇచ్చిన ఇంటికి వెళ్ళి తలుపు కొట్టింది. తలుపు తీసిన ముసలాయన ఏమిటన్నట్టు చూశాడు. జైతూన్ గొంతు సవరించుకుంది. ఈసారి ప్రశ్న మింగేయలేదు.

"చాచా, దీని మీద ఎవరు నమాజు చేసేవారు? ఇది నాకిచ్చేటప్పుడు వాళ్ళను అడిగారా? వాళ్ళకు కావాలంటే ఇచ్చేసి పోతాను."

ముసలాయన జానమాజు చేతిలోకి తీసుకుని, అరిగిన చోట బొటనవేలితో రాశాడు. ఆయన మొహం విప్పారింది. "లోపలికి రా అమ్మా, కూర్చో. ఇది మా అన్నది. ఆయన సంగతి చెబుతాను విను," అన్నాడు.

నీతి: ఒకరి వస్తువును తీసుకునే ముందైనా, బాగుచేసే ముందైనా, మొహమాటం విడిచి ఆ వస్తువు గలవారిని అడగాలి, ఎందుకంటే మన కంటికి లోపంగా కనిపించేదే వాళ్ళకు ఆధారం కావచ్చు.